గొంతు సాక్ష్యం

"అవును సార్, ఒప్పుకుంటున్న."

స్పీకరులోంచి వచ్చిందా గొంతు. చురుకైన ఆడగొంతు. నల్గొండ వినియోగదారుల కమిషన్ హాలులో అందరి చూపులూ ఫిర్యాదు చేసిన గుర్వమ్మ మీదికి మళ్లాయి.

"విన్నారుగా మేడం," అన్నాడు గ్యాస్ కంపెనీ వకీలు. "ఫోన్లో తన పేరు చెప్పింది, భర్త పేరు చెప్పింది, మూడేళ్ల పథకానికి ఒప్పుకుంది. వాడినా వాడకున్నా నెలకు పన్నెండు వందలు. కట్టలేదు, సరఫరా ఆపాం."

"గా గొంతు నాది కాదు."

గుర్వమ్మ మాట వణకలేదు. ఇంటికి గ్యాస్ పైపు వేసిననాడే సిలిండర్ వాపసు ఇప్పించారు. ఏడాదిపాటు వాడినంతకు బిల్లు కట్టింది. అడగని పథకం నెత్తినపడితే కట్టనన్నది. మీటరుకు సీలు పడి ఇరవై రెండు రోజులు. అప్పటినుంచి ఒంటిగది, కట్టెల పొయ్యి, పొగ. ఆమె భర్త పదిహేనేళ్లు కంకర మిషన్ దగ్గర పనిచేసి, ఛాతీ నిండా దుమ్ము మోసుకొచ్చినవాడు. మొన్న దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. ఆ పొయ్యి ఆర్పకపోతే మనిషి దక్కడన్నాడు డాక్టరు.

"నీది కాకుంటే ఎవరిదమ్మా, దయ్యానిదా?" వకీలు నవ్వాడు. వెనక బెంచీలో కంపెనీ మేనేజరూ నవ్వాడు.

"ఎవలదో మీకే ఎరుక సార్. గామె మా ఇంటాయన పేరు టపటప చెప్పింది. పెండ్లయి ఇరవై ఆరేండ్లాయె, గా పేరు నా నోట్ల ఎన్నడు రాలే. మా కురుమోల్లల్ల మొగని పేరు వెట్టం. వెడితే ఆయుష్షు తగ్గుతదంటరు."

"మరి ఆధార్ కార్డులో ఎట్లా రాయించావు?" అడిగాడు వకీలు.

"ఆయన్నే పక్కకు నిలవెట్టి చెప్పిచ్చిన."

"ఇది సాక్ష్యమా మేడం, నాటకమా? పేరు పలకదట! అందుకని మాది మోసమట!"

అధ్యక్షురాలు కలం పక్కన పెట్టారు. "గుర్వమ్మా, నీ నమ్మకం సంగతి నేను తేల్చలేను. రికార్డులోని మాటలు, పేరుతో సహా, ఇక్కడ చెప్పు. రెండు గొంతులూ పరీక్షకు పంపుతాను. అది తేలేదాకా గ్యాస్ ఇవ్వమంటాను. చెప్పకపోతే మిగిలేది వాళ్ల రికార్డే."

గుమాస్తా మైకు తెచ్చి ముందు పెట్టాడు.

"శివకృష్ణ వాళ్ల నాయిన అంటే నడుస్తదా మేడం?"

"నడవదమ్మా."

తలుపు దగ్గర కుర్చీలో ఒరిగిన భర్త గొంతు పెగుల్చుకున్నాడు. "చెప్పవే! పేరు వెడితే సచ్చుడైతే, మా అవ్వ దినాం పది మాట్ల సంపేది నన్ను."

నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగలేదు. గోడ పట్టుకుని, వంగి, గాలికోసం నోరు తెరిచాడు.

గుర్వమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. "నా పేరు గుర్వమ్మ. మూడేండ్ల పథకానికి నేను ఒప్పుకోలే."

"రికార్డులో ఉన్నట్టే చెప్పాలి," వకీలు లేచాడు. "ఒప్పుకుంటున్న, అను."

"అనను. మీ అబద్ధం నా గొంతుల ఎందుకు వెడతరు?"

"ఆ మాట వదిలేయండి," అన్నారు అధ్యక్షురాలు. "పేరు చాలు."

గుర్వమ్మ పుస్తెను పిడికిట్లో బిగించింది. వెనక్కి తిరిగి చూడలేదు. దగ్గు మాత్రం వినిపిస్తూనే ఉంది.

"మా ఇంటాయన పేరు..."

పెదవులు కలిశాయి, విడివడ్డాయి. మైకులో ఆమె ఊపిరి బుసకొట్టింది.

"ఎల్లేశం."