అకువావి కట్టిన కట్టు

రేకు తలుపు అంచు గీరుకుని పాము వీపు మీద రెండు వేళ్ల మేర పొలుసులు లేచిపోయాయి. రక్తం పెద్దగా రాలేదు. అయినా అకువావి ఊరుకోలేదు. పసిపిల్లల పుండ్లకు రాసినట్టే పామాయిల్ గింజల నల్లనూనె దట్టంగా పట్టించి, చనిపోయిన కూతురు సెనామి పాత గుడ్డ చించి కట్టు కట్టింది. నూనె ఆరిపోతుందేమోనని రోజూ ఆ కట్టు మీదే ఇంకాస్త పోసింది. ఐదో రోజు విప్పి చూస్తే చర్మం తెల్లగా నాని, వాసన వేస్తోంది.

ఆ ఊళ్లో కొండచిలువ ఇంట్లోకి రావడం వింతేమీ కాదు. ఊరు దేవుడిగా కొలిచే గుడి పాములు, బారెడు కూడా ఉండని విషం లేని జాతి, తిండి కోసం బయటికొచ్చి ఎవరి మంచం కిందో చేరతాయి. ఆ ఇంటివాళ్లు "పద అయ్యా" అని మెడలో వేసుకుని తీసుకెళ్లి గుడిలో దిగబెడతారు. అకువావి మాత్రం దిగబెట్టలేదు. సెనామిని పూడ్చిన మర్నాడు ఇది వచ్చి, ఆ పిల్ల బట్టల బుట్టలో చుట్ట చుట్టుకుని పడుకుంది. ఎనిమిది నెలలైంది. ఊరంతా అయ్యా అని పిలిచేదాన్ని ఆమె "తల్లీ" అని పిలిచేది.

"గుడికి తీసుకెళ్లవే. పూజారి అగోస్సు తాత చూస్తాడు," అంది అత్త మిరపకాయలు నూరుతూ.

"చూసి మళ్లీ ఇస్తాడా?"

"ఎందుకిస్తాడు? నీ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కోడా అది?"

"సెనామికీ చిన్న జ్వరమేగా అత్తా. పట్నం ఆస్పత్రికి తీసుకెళ్లమన్నారు, తీసుకెళ్లి అప్పగించాను. నాకేం తిరిగిచ్చారు? దాని చెప్పులిచ్చారు."

అత్త నూరడం ఆపింది. "అయితే నీ ఒళ్లోనే కుళ్లనీ," అని మళ్లీ నూరడం మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకుని, "పాడు మిరపకాయలు," అంది.

కుళ్లనీ అన్న మాటకి అకువావి లేచి, పాముని ముద్దల బుట్టలో పడుకోబెట్టి నెత్తిన పెట్టుకుని గుడికి బయల్దేరింది. రోజూ ఆమె పులిసిన మొక్కజొన్న ముద్దలు అమ్మేది ఆ బుట్టలోనే. సందు మొగలో చేపలమ్మి చూడనే చూసింది.

"ఏం వదినా, బుట్ట దానంతటదే కదులుతోంది? పిండి మరీ పులిసిందా ఏంటి?"

మామూలు రోజైతే అకువావి నాలుగు అంటించేది. ఇవాళ తల వంచుకుని వెళ్లిపోయింది.

గుడి చావట్లో అగోస్సు తాత కట్టు విప్పి, గుడ్డ వాసన చూశాడు.

"ఎవరు కట్టారు?"

"నేనే."

"గీత చిన్నదే తల్లీ. పొడిగా వదిలేసి ఉంటే రెండు కుబుసాలకి మానిపోయేది. నూనె పోసి, గుడ్డ బిగించి నానబెట్టావు."

అకువావి కింద కూలబడింది. "చచ్చిపోతుందా?"

"చావదు. ఉప్పునీళ్లతో కడిగి ఆరబెడతాను. మూడు నాలుగు నెలలు పడుతుంది. తర్వాత మిగతావాటితో కలిసి తిరుగుతుంది."

"అన్నిట్లో దీన్ని నేనెలా గుర్తుపట్టను? మచ్చ ఉంటుందా?"

"బాగా మానితే ఏమీ ఉండదు."

"కొంచెం ఉంచవా తాతా?"

ఆ మాట బయటికొచ్చాక ఆమెకే సిగ్గేసింది. అరచేత్తో నోరు మూసుకుంది. తాత కోప్పడలేదు.

"నువ్వు దాచుకున్నావని మీ అత్త మొదటి వారమే వచ్చి చెప్పింది. ఏడుపు తగ్గాక నువ్వే తెస్తావులే అనుకున్నాను."

"తగ్గలేదు తాతా."

"తెలుస్తూనే ఉంది. ఇలా ఇయ్యి."

పాము ఆమె మణికట్టుకి చుట్టుకుని ఉంది. తాత ఒక్కో మెలికే విప్పుతుంటే అకువావి చెయ్యి చాపి ఉంచింది గానీ, ఒక్క మెలిక కూడా తను విప్పలేదు.

ప్రతి ఆదివారం వెళ్లి చూసింది. మొదట పుండు ఎండి పెచ్చు కట్టింది. ఒక కుబుసం విడిచాక ఆ చోట తేనెరంగు మరక మిగిలింది. ఆ మరకని వేలితో తడిమి, ఇంకా ఉందనుకుని ఇంటికొచ్చేది. పొలుసులు సరిగా రావాలని దణ్ణం పెట్టుకునేది. పెట్టుకుంటూనే, ఆ మరక పోకూడదనీ కోరుకునేది.

నాలుగో నెలలో వెళ్లేసరికి, పుండు మానేదాకా పాముని విడిగా ఉంచిన మూల గదిలో తాత లేడు. పాము కూడా లేదు. చావట్లో గోడ వారగా నలభై దాకా పాములు పడుకుని ఉన్నాయి. అకువావి ఒక్కొక్కదాని పక్కనా వంగి చూసింది. దేని వీపు మీదా ఏమీ లేదు. "తల్లీ," అంది. ఒక్కటీ తల తిప్పలేదు.

నీళ్ల కుండతో వచ్చిన తాత ఆమె ముఖం చూశాడు.

"అదిగో, ఆ స్తంభం పక్కది," అన్నాడు.

ఆయన అటు సరిగా చూడనైనా లేదు. అకువావికి అది తెలుస్తూనే ఉంది. అయినా వెళ్లి స్తంభం పక్కన కూర్చుంది. అక్కడున్న పాము వీపు మీద అరచెయ్యి పెట్టి, మెడ నుంచి తోక దాకా మెల్లగా నిమిరింది. ఎక్కడా చేతికి ఏమీ తగల్లేదు.

"మానిపోయింది తాతా," అంది.