ముందు అవతలివాళ్ళ మాట

మా హెడ్‌మాస్టర్ బోఆహెన్ గారికి 'మోరోవర్' అంటే ప్రాణం. అది అయిపోతే 'ఫర్దర్‌మోర్'. ఆ కలుపుమాటలు దేన్ని దేనితో కలుపుతున్నాయో ఆ దేవుడికే తెలియాలి. ఇంగ్లీషు టీచర్ని కదా, నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ రోజైతే ఏకంగా నా క్లాసు పిల్ల అక్యా చదువుకే ఎసరు పెట్టాడు. సంతరోజు బడి మానేవాళ్ళ పేర్లు కొట్టేయాలట! ఆ పిల్ల సంతలో తల్లితో కలిసి టమాటాలు అమ్మితేనే ఫీజు కట్టగలదు. ఈ రూలు ఖాయం చెయ్యడానికి కుమాసి పట్నం నుంచి విద్యాధికారిణి డంక్వా గారొచ్చారు. తల్లిదండ్రులంతా షెడ్డులో కూర్చున్నారు. బడి ఆవరణలో ఇంగ్లీషే మాట్లాడాలి, అదింకో రూలు.

"మోరోవర్, సంత మన పిల్లల చదువుని మింగేస్తోంది! ఫర్దర్‌మోర్, మింగేస్తోంది!" అని హెడ్‌మాస్టర్ ఊగిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అక్యా లేచింది. వెనక బెంచీ మీద దాని తాత కర్ర పట్టుకుని కూర్చున్నాడు. ఆయన మా ఊరిపెద్ద చీఫ్ గారి ఒచియామె, కొలువులో చీఫ్ తరఫున మాట్లాడే మనిషి. అక్కడ ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. జవాబు చెప్పేముందు అవతలివాళ్ళ మాటని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. వంకర పెడితే ఒక సారా సీసా జరిమానా.

"ఆల్దో" అని మొదలెట్టింది అక్యా. "హెడ్‌మాస్టర్ గారు చెప్పింది నిజమే అయినా... సంతరోజు మానితే పాఠం పోతుంది. నాకు పోయింది, లెక్కల్లో వెనకబడ్డాను. నన్ను చూసి మా చెల్లెళ్ళూ మానేస్తారు. ఆయన భయం అదే."

"ఓసి నీ మొహం మండా! ఆయన తరఫున వాదిస్తావేంటే!" అని వాళ్ళమ్మ రూలు మర్చిపోయి మా ఇళ్ళలో మాట్లాడే ట్వీ భాషలోనే అరిచింది.

అక్యా ఆగలేదు. "కానీ నేను బడిలో ఉన్నది సంత వల్లే. అందుచేత నా పేరు కొట్టేస్తే, ఆయన కాపాడాలనుకున్న చదువే పోతుంది. సరుకు లారీలు మధ్యాహ్నానికి గానీ రావు, అవొచ్చేదాకా సంతలో అమ్మకాలుండవు. కాబట్టి సంతరోజు తెల్లవారగానే బడి పెట్టి, లారీలొచ్చేలోపు వదిలేయండి."

డంక్వా గారు హెడ్‌మాస్టర్ వైపు తిరిగారు. "మీ మాట ఈ అమ్మాయి సరిగ్గా చెప్పిందా?"

"చెప్పిందండీ. నాకంటే బాగా చెప్పింది."

"అయితే ఆమె మాట ఇప్పుడు మీరు చెప్పండి."

ఆయన లేచి "మోరోవర్..." అన్నాడు. ఆగాడు. ఆ పిల్ల మాట ఉన్నదున్నట్టు చెప్తే, పేర్లు కొట్టేస్తే చదువే పోతుందని తన నోటితోనే ఒప్పుకున్నట్టు. మెల్లగా "తెల్లవారగానే పెడదామండీ" అని కూర్చున్నాడు. ముసలాయన కర్రతో నేల మీద టక్కుమని కొట్టాడు. అక్యా వాళ్ళమ్మ ఎగిరి గంతేసింది. నేనూ వేశాను, సిగ్గెందుకు?

తర్వాతి సంతరోజు నేను కళ్ళు నులుముకుంటూ వెళ్ళేసరికి అక్యా మొదటి బెంచీలో ఉంది.

"లెక్కల సారేరి మేడం? త్వరగా పిలవండి, మళ్ళీ లారీలొచ్చేస్తాయి!"