ముందు బ్రేకులు

ఈ ఇంజిన్ ఆ బండికి కలుస్తుందా అని అడిగితే పానా ఎవరికీ నిలబడి జవాబు చెప్పడు. బండి కింద దూరి చూశాకే నోరు విప్పుతాడు. అక్క పెళ్ళయిన కొత్తలో జేబులో పానా పెట్టుకుని బావ షెడ్డుకి వచ్చి, ఇక ఇంటికి పోనని మొండికేసినప్పటినుంచి ఆ పేరే స్థిరపడింది. సొంత పేరుతో పిలిచేవాళ్ళు బ్యాంకులో తప్ప ఇంకెక్కడా లేరు.

ఈసారి బావ అడిగినప్పుడు మాత్రం కింద దూరాల్సిన పని లేకపోయింది. ఒకటి బావ పడుచుతనంలో కొనుక్కున్న స్పోర్ట్స్ కారు. పక్కనే టార్పాలిన్ కింద ఉన్నది అదే కంపెనీ, అదే పేరు, రెండు తరాల తర్వాతి బండి. మేనల్లుడిది. కొండదారి వంపులో అడ్డం తిరిగి, డ్రైవరు వైపు తలుపు వెళ్ళి రోడ్డు పక్క గోడకి కొట్టుకుంది. ముందు భాగానికి గీత కూడా పడలేదు. ఇంజిన్ నిక్షేపంగా ఉంది. అది తలుచుకున్నప్పుడల్లా పానాకి ఒళ్ళు మండేది. కుర్రాడు పోయి ఇనుము మిగలడమేమిటి?

"వాడి ఇంజిన్ నా బండిలో పెడదాంరా," అన్నాడు బావ. "ఒక్కసారి ఆ చప్పుడు వినాలి."

కొడుకు పోయాక బావ నోరు విప్పి అడిగిన మొదటి కోరిక అది. పానా కాదనలేకపోయాడు. అక్క కూడా, "పోనీ చెయ్యరా, ఆ ధ్యాసలో పడి నాలుగు ముద్దలు తింటాడు," అంది.

ఇంజిన్ మౌంటింగులు రంధ్రాల్లో చక్కగా కూర్చున్నాయి. అడుగున ఆయిల్ నిలిచే సంపు స్టీరింగ్‌కి అడ్డం వస్తే, పాత ఇంజిన్ సంపు విప్పి దీనికి బిగించారు. వైర్లే ఏడిపించాయి. బావ నేలమీద చతికిలబడి, కళ్ళజోడు ముక్కు కొసకి జార్చుకుని, కొత్త ఇంజిన్ని నడిపే కంప్యూటర్‌కి ఒక్కో వైరూ వెతికి కలిపాడు. "మీ అక్కకీ నాకూ కుదరడానికి ఇంతకంటే ఎక్కువ కాలమే పట్టిందిలే," అని నవ్వాడు కూడా. మనిషి ఒడ్డున పడ్డాడనుకుని, పానా ఆ సంగతి అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

ఇక మిగిలినవి బ్రేకులు. పెద్ద ఇంజిన్ వేస్తే ముందు బ్రేకులు మార్చాలి. ఆ షెడ్డులో అది శాసనం, పెట్టింది బావే. ఇంజిన్ చాలు, బ్రేకులెందుకన్న షోకిల్లారాయుళ్ళని తాళాలు చేతిలో పెట్టి సాగనంపిన మనిషి. పాత బండి చక్రాలకి నాలుగు బోల్టులు, కొత్తదానికి ఐదు. అందుకని చక్రాలు కూర్చునే హబ్బులతో సహా కొత్త బండివే విప్పి బిగించాలి. పానా జాకీ తెచ్చి టార్పాలిన్ ఎత్తబోయాడు.

"అవెందుకురా?" అన్నాడు బావ.

"ఏవి?"

"బ్రేకులు. ఉన్నవి చాల్లే. ఆ వంపు దాకా వెళ్ళడమేగా."

టీ వద్దన్నంత మామూలుగా అన్నాడు. కొత్త ఇంజిన్ వేగాన్ని ఆ పాత బ్రేకులు ఏ వంపులోనూ ఆపలేవని ఆయనకి తెలియనిది కాదు. వెళ్ళడం గురించే చెప్పాడు, రావడం ఊసే లేదు. ఇన్నాళ్ళూ తను బిగించిన ప్రతి బోల్టూ దేనికి బిగించాడో పానాకి అప్పుడు తెలిసింది.

బావ చేతులు పట్టుకుని అడుగుదామనుకున్నాడు, ధైర్యం చాలలేదు. అక్కకి చెబుదామంటే నోరు రాలేదు. బావ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళగానే ఇంజిన్ వెనక్కి చెయ్యి దూర్చి క్రాంక్ సెన్సర్ వైరు పీకేశాడు. అది లేకపోతే స్టార్టర్ ఎంత తిరిగినా ఇంజిన్ అందుకోదు.

బావ వచ్చి తాళం తిప్పాడు. అందుకోలేదు.

"కలవట్లేదు బావా," అన్నాడు పానా గోడవైపు చూస్తూ. "తరం మారింది కదా."

"రేపు చూద్దాం," అన్నాడు బావ.

మర్నాడు పానా వచ్చేసరికి బావ బండిలో కూర్చుని ఉన్నాడు. వైరు మళ్ళీ పెట్టి ఉంది. బావ దిగి, చేతులు కడుక్కొస్తానని పెరట్లోకి వెళ్ళాడు. పానా వైరు పీకాడు. బావ వచ్చి తాళం తిప్పి చూసి, రేపు చూద్దామన్నాడు. ఆ మర్నాడూ అంతే, ఆపైనా అంతే. ఆ కంప్యూటర్‌ని సుత్తితో కొట్టి పారేద్దామని పానా ఒకసారి సుత్తి తీశాడు కూడా. మేనల్లుడి వస్తువు మీదికి చెయ్యి లేవలేదు. అక్క క్యారేజీ తెచ్చి, "మీ ఇద్దరి పనితనం ఏ గంగలో కలిసిందిరా?" అని దెప్పేది. పానాకి ముద్ద దిగేది కాదు.

చివరికి ఒకరోజు ఉండబట్టలేకపోయాడు.

"బావా, పొద్దున్నే వచ్చి వైరు పెడుతున్నది నువ్వే కదా."

"నేనే. స్టార్టర్ తిరిగి ఇంజిన్ అందుకోకపోతే ముందు అక్కడే చెయ్యి పెట్టి చూడమని నీకు నేర్పింది ఎవరనుకున్నావ్?"

"మరి పెట్టిన వెంటనే తాళం తిప్పలేదేం? నేను లేనుగా అప్పుడు."

బావ స్టీరింగ్ మీద ఉన్న చెయ్యి తీసి తాళం బయటికి లాగాడు.

"నువ్వొస్తావని చూస్తున్నానురా," అన్నాడు. "రేపు కొంచెం ముందే రా."