ప్రశ్నలు బాగా రాశావు

మందుల కిటికీ తెరవకముందే వరస గేటు దాకా పెరిగింది. లోపల ఆమె ఎడమ చేత్తో డబ్బా వంచి, రేకు పళ్ళెంలోకి మాత్రలు రాల్చి, చిన్న బద్దతో జతలుజతలుగా పక్కకు తోస్తోంది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర లోపలికి వంగి, వేళ్ళు ముడుచుకుని ఉంటుంది. దాన్ని కాగితపు కవర్ల కట్ట మీద పెడుతుంది. ఫ్యాను గాలికి కవర్లు ఎగరకుండా ఆపడానికి అంతకంటే మంచి బరువు ఈ గదిలో లేదని పెద్ద కాంపౌండరు అంటే ఆమె కూడా నవ్వేస్తుంది.

పుట్టినప్పుడు ఊపిరి అందడం ఆలస్యమైందట. అందులో చెయ్యి కొంత, మాట కొంత దెబ్బతిన్నాయి. మాట లేకపోలేదు. వస్తుంది, కానీ ప్రతి మాటా పెదవుల గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, చెప్పులు సరిచూసుకుని గాని బయటికి రాదు. అందుకే ఆస్పత్రిలో ఆమెను "నిదానం" అంటారు. కాస్త గౌరవం ఇచ్చేవాళ్ళు "నిదానమ్మ" అంటారు. బడిలో పడ్డ పేర్లతో పోలిస్తే ఇది బంగారం.

కిటికీ తెరిచింది. మొదటి మనిషి చీటీ తోశాడు. బట్టల మిల్లులో పనిచేసేవాడిలా ఉన్నాడు, జుట్టు నిండా దూది నూగు. ఆమె మాత్రలు కవర్లో వేసి కవరు పట్టుకునే చెప్పసాగింది.

"ఇది... పొద్దున..."

"పొద్దున, రాత్రి, తిన్నాక. అంతేగా?" అంటూ అతను చెయ్యి చాపాడు.

ఆమె కవరు వదల్లేదు. "కాదు. పొద్దున... ఒక్కటే. తినక... ముందు."

వెనక ఎవరో నిట్టూర్చారు. అతను మొహం గోక్కుని, ఈసారి చివరిదాకా విన్నాడు. మాట పూర్తయ్యేదాకా కవరు వదలకపోవడం ఆమె పద్ధతి. మొదట్లో జనం విసుక్కునేవాళ్ళు, పైఅధికారికి ఫిర్యాదు కూడా చేశారు. ఆ తరవాత వాళ్ళే అలవాటు పడ్డారు. "నిదానమ్మ దగ్గర తొందరపడి లాభం లేదు, నోరు మూసుకుంటేనే పని తొందరగా అవుతుంది" అని పాతవాళ్ళు కొత్తవాళ్ళకు చెబుతుంటారు.

వరస సగానికి తరిగేసరికి పై వార్డు నర్సు చీటీల కట్టతో పక్క తలుపు తోసుకుని వచ్చింది.

"అక్కా, మీ మాస్టారు మళ్ళీ మొండికేశాడు. నువ్వొచ్చి ఇస్తేనే మింగుతాడట. ఏం మందు పెట్టావే ఆయనకి?"

"మందు కాదు. ఎందుకు మింగాలో... చెప్పాలి. లెక్క... చెప్పాలి ఆయనకి."

"లెక్కలు చెప్పుకునే వయసా అది?" అని నర్సు నవ్వి, "మధ్యాహ్నం ఓసారి రా" అని, కాస్త గొంతు తగ్గించి, "వీలైతే తప్పకుండా రా" అంది.

ఆ రెండో మాట ఆమెకు నచ్చలేదు.

ఆయన చేరి వారమైంది. వార్డు చీటీ మీద పేరు చూసి ఆమె ఆ రోజే మెట్లెక్కి వెళ్ళింది. కాళ్ళు పొంగి, మెడ సన్నబడి, మంచం మీద సగం కూర్చుని, సగం పడుకుని ఉన్నాడు. ఆమె మొహం గుర్తుపట్టలేదు. "మాస్... టారూ" అన్న పిలుపుకు మాత్రం వెంటనే కళ్ళు తెరిచాడు.

రైలుకట్ట అవతలి పేట వాళ్ళు ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష మాట్లాడతారు. ఆమె తండ్రి గూడ్సు షెడ్డులో బస్తాలు మోసేవాడు, తల్లి నాలుగిళ్ళలో అంట్లు తోమేది. ఆ పేట పిల్లలు బడిలో వెనక బెంచీల్లో కూర్చునేవాళ్ళు. కూర్చోమని ఎవరూ చెప్పేవారు కాదు. కాని ముందు బెంచీలో కూర్చుంటే మాత్రం లేవమనేవారు. "వాళ్ళకి ఇంతకంటే ఏమొస్తుందిలే" అన్న మాట టీచర్ల నోట ఎంత మెత్తగా వచ్చేదంటే, అది తిట్టు అని ఆమెకు చాలా ఏళ్ళు తెలియలేదు. ఆమె విషయంలో ఒక కారణం చాలకపోతే రెండోది సిద్ధంగా ఉండేది. పేట పిల్ల, పైగా ఆ చెయ్యి, ఆ మాట.

అందరూ ఆమెతో మంచిగానే ఉండేవారు. కొట్టేవారు కాదు. ప్రశ్నలు వేసేవారు కాదు. బోర్డు తుడవమనేవారు, సుద్దముక్కలు తెమ్మనేవారు. పరీక్షల్లో ఆమె ప్రశ్నపత్రం చూసి ప్రశ్నలన్నీ ఎడమ చేత్తో, గుండ్రటి అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా ఎత్తిరాసేది. అదే పరీక్ష రాయడమంటే అనుకుంది. ఏడాది చివర పాసుకు సరిపడా మార్కులు వచ్చేవి. అలా ఆరేళ్ళు గడిచాయి.

ఏడో తరగతి చివర్లో కొత్తగా లెక్కల మాస్టారు వచ్చాడు. పొడుగు మనిషి, చొక్కా జేబు మీద ఎప్పుడూ సుద్ద మరక. సంవత్సరం చివరి పరీక్షలో ఆమె పేపరు మీద ఎర్రగా సున్నా చుట్టి, కింద రాశాడు: "ప్రశ్నలు బాగా రాశావు. జవాబులెక్కడ?"

ఇంట్లో పెద్ద గొడవైంది. "ఇలాంటి పిల్లని ఫెయిల్ చెయ్యడానికి వాడికి చేతులెలా వచ్చాయి" అని తల్లి శాపనార్థాలు పెట్టింది. తండ్రి పని మానుకుని బడికెళ్ళి, వచ్చీరాని పరాయి భాషలో బతిమాలి, తల దించుకుని తిరిగొచ్చాడు. ఆమె మళ్ళీ అదే తరగతిలో, ఈసారి సొంత తమ్ముడి పక్కన కూర్చుంది. అది చాలా అవమానం. కాని ఆ ఏడాదే సాయంత్రం బడి వదిలాక మాస్టారు ఆమెను ఆపి, రెండో తరగతి కూడికల నుంచి మొదలుపెట్టాడు. ఆయనేమీ శాంతమూర్తి కాడు. ఒకరోజు సుద్దముక్క బల్లకేసి కొట్టి, "గాడిదా, కూడికలో కూడా తప్పా!" అని అరిచాడు. ఆ తిట్టు తరగతిలో అందరికీ పడేదే, ఆమెకు పడడం అదే మొదటిసారి. ఇంటికెళ్ళి తమ్ముడికి ఎంత గొప్పగా చెప్పుకుందో.

ఆయన దగ్గర ఇంకొకటి ఉండేది. ప్రశ్న అడిగాక ఆగేవాడు. కిటికీలోంచి బయటికి చూసేవాడు, ముక్కు తుడుచుకునేవాడు, వాచీ మాత్రం చూసేవాడు కాదు. ఆమె జవాబు పూర్తయ్యాకే నోరు తెరిచేవాడు. తప్పైతే తప్పనేవాడు. ఆ మరుసటి ఏడు వచ్చిన మార్కులు మరీ గొప్పవేం కావు. కాని అవి ఆమెవి. అక్కణ్ణుంచి పై తరగతులు, ఫార్మసీ చదువు, ఈ కిటికీ, టైలరు భర్త, మొండిగా వాదించే ఒక కూతురు, రెండు గదుల అద్దె ఇల్లు. చెప్పుకోవడానికి పెద్ద కథేమీ లేదు. సాయంత్రం చెప్పులు విప్పేటప్పుడు మాత్రం ఆమెకు ఒక్కోసారి ఇదంతా ఎవరో పిలిచి చేతిలో పెట్టినట్టు అనిపించేది.

మధ్యాహ్నం కిటికీ మూసి, తెచ్చుకున్న డబ్బా విప్పకుండానే పైకి వెళ్ళింది. మాస్టారు దిండ్లకు చేరగిలబడి ఉన్నాడు. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

"రా అమ్మాయ్. ఇప్పుడు మనిద్దరికీ... సరిపోయింది. ఇద్దరి మాటా... ఒకే బండి."

ఆమె నవ్వి, మాత్రలు అరచేతిలో పెట్టింది. ఏది ఒంట్లో నీరు లాగుతుందో, ఏది గుండెకు పని తగ్గిస్తుందో చెప్పింది. విన్నాడు. ఒకటొకటిగా మింగాడు. గ్లాసు తీసి పక్కన పెట్టి ఆమె స్టూలు దగ్గరికి లాక్కుంది. వారం నుంచి చెప్పాలనుకుంటున్నది ఇవాళ చెప్పేయాలి. నర్సు గొంతు తగ్గించి అన్న మాట మనసులోంచి పోవడం లేదు.

"మాస్టారూ. మీరు ఆ రోజు... సున్నా వెయ్యకపోతే..."

ఆయన చెయ్యెత్తి ఆపాడు. ఆమె మాటను ఆయన ఆపడం అదే మొదటిసారి.

"ఆ సున్నాని నువ్వు ఇన్నాళ్ళూ... ఏదో దేవుడి ప్రసాదంలా చూస్తున్నావు. నిజం చెప్పనా? అది నీ పేపరని నాకు తెలీదు. కొత్తగా వచ్చాను. పేర్లూ మొహాలూ కలవలేదింకా. ఎవడో పోకిరీ వెధవ... ప్రశ్నలు ఎత్తిరాశాడనుకున్నాను." ఊపిరి తీసుకున్నాడు. "నీదని తెలిసుంటే... అందరిలాగే నేనూ పాస్ మార్కులేసేవాణ్ణి. మంచివాణ్ణని కూడా అనుకునేవాణ్ణి."

ఎదురు మంచం మీది మనిషి దగ్గుతున్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఆమె నిలబడిన నేలను ఎవరో కాస్త జరిపినట్టయింది. దుప్పటి అంచు మడత సరిచేసింది. మళ్ళీ చేసింది.

"తెలిశాక?" అంది చివరికి.

"తెలిశాక హెడ్మాస్టారు పిలిచాడు. పాపం, దిద్దెయ్యవయ్యా అన్నాడు. దిద్దుదామనే... పెన్ను తీశాను. అప్పుడు నువ్వు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డావు."

"నేనా?"

"గుర్తులేదూ? ఆ పేపరు పట్టుకుని ఒక ప్రశ్న అడిగావు. అడగడానికే ఎంతసేపు పట్టిందో. మధ్యలో హెడ్మాస్టారు... నీళ్ళు కావాలా అన్నాడు, ఇంటికెళ్తావా అన్నాడు, మార్కులు మార్చేస్తార్లే ఏడవకు అన్నాడు. నువ్వు ఏడవడం లేదు. అవన్నీ అయ్యేదాకా ఆగి, అడగాల్సింది పూర్తిగా అడిగావు."

"ఏమడిగాను మాస్టారూ?"

"‘జవాబు ఎలా వస్తుంది?’ అన్నావు." ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెదవుల మీద నవ్వు మాత్రం అలాగే ఉంది. "నా ఉద్యోగంలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అందరూ ఎన్ని మార్కులొచ్చాయని అడిగినవాళ్ళే. పెన్ను మూసేశాను."

ఆమెకు ఎంత తవ్వినా అది గుర్తుకు రాలేదు. ఎర్రటి సున్నా గుర్తుంది, తల్లి ఏడుపు గుర్తుంది, తండ్రి దించుకున్న తల గుర్తుంది. తలుపు దగ్గర నిలబడిన ఆ పిల్ల మాత్రం ఆమెకు ఎవరో కొత్త మనిషిలా ఉంది. ఆ పిల్ల మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది.

"అయినా... నేను చెప్పాల్సింది చెప్తాను," అంది. "వినండి."

"విననా మరి," అన్నాడాయన.

చెప్పింది. సాయంత్రాల గురించి, గాడిద అన్న తిట్టు గురించి, వాచీ చూడకపోవడం గురించి. కూతురు లెక్కల్లో తనను దాటిపోయిందని చెప్పింది. మాటలు గుమ్మంలో నిలబడి నిలబడి వచ్చాయి. కొన్ని వెనక్కెళ్ళి మళ్ళీ వచ్చాయి. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, ఒక్క మాటా అందించకుండా, చివరిదాకా విన్నాడు. అంతా అయ్యాక, "సరిగ్గా చెప్పావు" అన్నాడు. తన జవాబుకు ఆయన అలా అన్న సందర్భాలు చాలా తక్కువ.

మధ్యాహ్నం వరసలో ఒక తల్లి, చెవికి మిషను పెట్టుకున్న కూతురు వచ్చారు. పిల్లకు పన్నెండేళ్ళుంటాయి. మందు పిల్లదే. ఆమె పిల్ల కళ్ళలోకి చూస్తూ మొదలుపెట్టింది.

"దానికి చెప్పి లాభం లేదమ్మా," అంది తల్లి, అలిసిపోయిన గొంతుతో. "అర్థం కాదు. నాకు చెప్పండి, నేనే వేస్తాను."

ఆమె తల్లికేసి చూసి తల ఊపింది గాని, మళ్ళీ పిల్లవైపే తిరిగింది. పెదవులు కనబడేలా వంగి, కవరు చూపిస్తూ, ఒక్కో మాటా చెప్పింది. ఆ నిదానం పిల్లకు బాగా నప్పింది. కళ్ళు ఆమె పెదవుల మీదే పెట్టి చూసింది.

"ఇప్పుడు నువ్వు... చెప్పు."

పిల్ల తల్లివైపు చూసింది, తరవాత తనకు తోచింది చెప్పింది. రాత్రిది పొద్దున అంది.

"తప్పు," అంది ఆమె. "మళ్ళీ."

తల్లి మొహం ముడుచుకుంది. వరసలో ఎవరో "పాపం, చిన్నపిల్ల" అన్నారు. పిల్ల మాత్రం బిత్తరపోయి, అంతలోనే నిటారుగా నిలబడింది. రెండోసారి నెమ్మదిగా, మొత్తం సరిగ్గా చెప్పింది. కవరు పిల్ల చేతిలో పెట్టింది ఆమె, తల్లి చేతిలో కాదు. వెళ్ళేటప్పుడు తల్లి కవరు తీసుకోబోతే పిల్ల ఇవ్వలేదు.

సాయంత్రం కిటికీ మూసి, రాత్రి వేసుకోవాల్సిన మాత్రలు కవర్లో వేసుకుని పైకి వెళ్ళింది. వార్డు తలుపు దగ్గరే నర్సు ఎదురైంది. ఆమె చేతిలోని కవరు చూసి నర్సు మొహం తిప్పుకుంది.

"నిద్రలోనే అక్కా. నువ్వు దిగి వెళ్ళాక పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. ఎదురు మంచం ఆయనక్కూడా తెలీలేదు. వరస ఉందని నీకు కబురు చెయ్యలేదు. వాళ్ళ అబ్బాయి వచ్చి ఇందాకే తీసుకెళ్ళాడు."

ఆమె పెదవులు కదిలాయి. ఏదో అందించబోయి నర్సు ఆగింది. ఆగి, ఊరుకుంది.

"నేను... అంతా... చెప్పేశాను," అంది ఆమె.

"ఏం చెప్పావక్కా?"

"చెప్పాల్సింది. మొత్తం... విన్నారు."

కన్నీళ్ళు వచ్చాయి. వాటిని ఎడమ చేత్తో తుడుచుకుంది. గుండెలో బరువుంది గాని, దిగమింగుకోవాల్సిన మాటేదీ అందులో లేదు. చాలామందికి అలా కుదరదు. తనకు కుదిరింది. తెల్లారి తిరిగి ఇవ్వాల్సిన మాత్రల కవరు జేబులో వేసుకుని మంచం దాకా నడిచింది.

పరుపు మీద కొత్త దుప్పటి పరిచారు. స్టూలు గోడవారకు జరిపారు. అన్నీ సర్దుకెళ్ళిన కొడుకు కిటికీ గట్టు మాత్రం చూసుకోలేదు. అక్కడ ఎండ పోతున్న చోట ఒక నల్లటి జేబు దువ్వెన ఉంది. దాని పళ్ళ మధ్య చిక్కుకున్న ఒక తెల్లటి వెంట్రుక గాలికి మెల్లగా ఊగుతోంది.