కుడివైపు దిండు

నేను ఒక దిండుని. తల పెట్టుకుని పడుకునే దిండుని కాదు. రేసు కారులో మెడపక్కన ఇరుక్కుని బతికే దిండుని. నా సంగతి తర్వాత, ముందు మా ఆదిశేషు మీద నాలుగు చాడీలు చెప్పుకోవాలి. మనిషి మంచివాడే. కాకపోతే నా ఒంటిమీది గళ్ల గుడ్డ తన లుంగీయేనని ఏళ్ల తరబడి పోల్చుకోలేకపోయాడు. నన్ను చేత్తో పట్టుకునే "నా లుంగీ ఏది వదినా?" అని ఇల్లంతా వెతికాడు.

ఆ వదిన పేరు స్వరాజ్యం. నన్ను కుట్టింది ఆవిడే. నా లోపలిది బూరుగు దూది. కాయ పగిలి గాలిలో తేలిపోవలసిన దూది ఆవిడ సూదికి లొంగిపోయింది. ఎగరాలన్న బుద్ధి మాత్రం పోలేదు. అందుకేనేమో, ఆవిడ కూతురు హైమ రేసు కారులో నన్ను పక్కన పెట్టుకున్ననాడు నాకు ప్రాణం లేచొచ్చింది.

తెనాలి శివార్లలో, మూతపడ్డ ఇటుకబట్టీ స్థలంలో ఒక గుండ్రటి మట్టి ట్రాక్ ఉంది. ఆదివారాలు అక్కడ పాత కార్లు గిరగిరా తిరుగుతాయి, ఎప్పుడూ ఎడమకే. కారు ఎడమకు తిరిగితే తల కుడికి ఒరుగుతుంది. ఒరిగిన ఆ తలను కాసుకోవడం నా ఉద్యోగం. ఎర్రటి దుమ్ములో ట్రాక్ తిరుగుతోందో, మేం తిరుగుతున్నామో తెలిసేది కాదు. హెల్మెట్ లోపల హైమ కూనిరాగం తీసేది. అంత రొదలోనూ అది నాకొక్కదానికే వినిపించేది. ఉయ్యాలలో చంటిదానిలా నిద్రలోకి జారేదాన్ని.

ఆమెకు కారు నేర్పిన బాబాయి ఆదిశేషే. హైమ మొదటిసారి గెలిచిన రోజున నాకు బొట్టు పెట్టాడు. ఆ తర్వాత నన్ను ఉతకనిస్తే ఒట్టు. చెమట, దుమ్ము, అదృష్టం అన్నీ నాలో ఒకే వాసన వేసేవి. "ఎడమకు తిరగటం వస్తే చాలమ్మా, మిగతాది దానంతటదే వచ్చేస్తది" అనేవాడు.

ఆ మిగతాది చెన్నై దగ్గర ఎదురైంది. నెత్తిన కప్పు లేని, చక్రాలు బయటకు కనిపించే ఫార్ములా కార్ల పెద్ద పోటీ. ఒక జట్టులో ఒకే ఒక్క సీటు ఖాళీ. ఆ రోజు పెట్టే పరీక్ష పరుగులో మెప్పిస్తే అది హైమది. లేకపోతే మళ్లీ ఇటుకబట్టీయే. పిల్ల సన్నం, సీటు పెద్దది, హెల్మెట్‌కు రెండు పక్కలా ఖాళీ. ఆదిశేషు అలవాటుగా నన్ను కుడివైపు కుక్కాడు.

ఆ ట్రాక్ మెలికలు తిరిగి ఉంది. ఎడమ మలుపుల్లో మాకు ఎదురే లేదు. కుడి మలుపు రాగానే ఆమె తల నన్ను వదిలేసి అవతలి ఖాళీలోకి ఒరిగిపోయింది. నాకు మొదటిసారి ఆకాశం కనిపించింది. చాలా అందంగా ఉంది. కూనిరాగం మాత్రం ఆగిపోయింది.

"గుండ్రటి ట్రాక్ వాళ్లు కదా, కుడిపక్క కూడా రోడ్డుంటుందని పాపం తెలీదు" అని నవ్వాడు జట్టు మేనేజరు. "సరే, మధ్యాహ్నం ఇంకొక్కసారి చూద్దాం."

"కారులోనే ఏదో తేడా ఉంది" అన్నాడు ఆదిశేషు.

"కారు కాదు శేషూ, దాని తల ఎడంపక్కకి వాలిపోతంది. ఇంత దూరాన్నించి నాకు కనపడతంది, నీకు కనపళ్లేదా?" అంటూ మాతోపాటే వచ్చిన స్వరాజ్యం సంచిలోంచి కత్తెర తీసింది. సూదీ దారం కత్తెర లేకుండా ఆవిడ గడప దాటదు.

"అమ్మో, కోస్తావా? లక్కీ దిండు వదినా అది! కావాలంటే ఇంకోటి కుట్టు."

"ఇక్కడ దూది నువ్వు తెస్తావా? బొట్టున్న సగం నీకే ఇస్తాలే, ఉండు."

"బాబాయ్, మెడ నాది" అంది హైమ. "కొయ్యవే అమ్మా."

కత్తెర దిగింది. నొప్పి లేదు. చిటికెడు దూది గాలిలోకి లేచి, కంచె దాటి తేలిపోయింది. అదీ నేనే. ఇన్నాళ్లకు ఎగిరాను. మిగిలిన నన్ను రెండుగా కుట్టి, చెరో పక్క పెట్టారు.

మధ్యాహ్నం ఎడమ మలుపులో ఆమె తలను నేను పట్టుకున్నాను. కుడి మలుపులోనూ నేనే పట్టుకున్నాను. సగం దూరంలో కూనిరాగం మళ్లీ మొదలైంది, ఈసారి రెండు పక్కలా వినిపిస్తూ.

కారు ఆగాక మేనేజరు నవ్వలేదు. "సోమవారం నుంచి రామ్మా" అన్నాడు.

ఆదిశేషు నా రెండు ముక్కల్నీ బయటికి తీసి, గుడ్డను వేళ్లతో నలిపి చూశాడు.

"ఇది నా లుంగీ కదా వదినా?"

స్వరాజ్యం సంచిలో ఏదో తెగ వెతకసాగింది.

"సర్లే, లుంగీ సంగతి తర్వాత" అని గొంతు సవరించుకుని, జట్టు వాళ్లందరికీ వినపడేలా అన్నాడు. "పిల్లకి ఒక పక్కే నేర్పాను. తప్పు నాది."