వెర్నా పేరు మీద పందొమ్మిది జింకలు

“ఈ ఏడు నీ తుపాకీ పాప్ పట్టుకెళ్తాడు. నువ్వెలాగూ వాడవు కదా,” అన్నాడు లాయిడ్, ఫ్రిజ్‌లో తల పెట్టి ఏదో వెతుక్కుంటూ.

వెర్నా కుండ తోముతోంది. బంగాళాదుంపలు అడుగంటిన చోట గోటితో గీకుతూ “సరే” అంది. కుండ బోర్లించి చేతులు తుడుచుకున్నాక గానీ, దేనికి సరే అందో ఆమె బుర్రకెక్కలేదు. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఆ మాట నోటికి ఎంతగా అలవాటైపోయిందంటే, అవతలివాళ్ళు చెప్పడం పూర్తి కాకముందే బయటికొచ్చేస్తుంది. కోపం రావాలేమోనని కాసేపు అక్కడే నిలబడి చూసింది. రాలేదు. ఈ మధ్య ఆమెకి ఏదీ రావడం లేదు. నవ్వూ రావడం లేదు, ఏడుపూ రావడం లేదు. చెల్లెలు ఫోన్ చేసి “ఎలా ఉన్నావే?” అంటే ఏం చెప్పాలో తెలియక వాతావరణం గురించి చెబుతోంది.

“మస్టర్డ్ సీసా ఎక్కడ పెట్టావ్?” అన్నాడు లాయిడ్.

“నీ ముక్కు ముందే ఉంది.”

పాప్ అంటే ఆమె మామగారు హార్లన్. హెమ్లాక్ రన్ ఊళ్ళో ఇంటా బయటా అందరికీ ఆయన పాప్ అనే తెలుసు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. ఎండాకాలంలో కుడి భుజానికి ఆపరేషన్ అయింది. పెద్ద తుపాకీ పేలిస్తే కుట్టిన నరాలు మళ్ళీ తెగిపోతాయని డాక్టరు గట్టిగా చెప్పాడు. వేటే మానుకొమ్మనీ చెప్పాడు గానీ, ఆ ముక్క పాప్ వినలేదు. పెన్సిల్వేనియా కొండల్లో మగవాడిగా పుట్టి, నవంబరు చివరి శనివారం వేటకి వెళ్ళకుండా ఇంట్లో కూర్చోవడం ఆయన వంశంలోనే లేదు. ఇక మిగిలింది భుజాన్ని తన్నని తుపాకీ. ఆ ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది. వెర్నా నాన్న ఆమెకిచ్చిన పావంగుళం గొట్టం తుపాకీ. పాత కాలపు మోడల్, సన్నటిది, పేలిస్తే భుజం మీద ఎవరో చెయ్యేసి తట్టినట్టుంటుంది.

అదే తుపాకీని ఇన్నేళ్ళూ ఆ మగవాళ్ళు ఎంత వెక్కిరించారో చెప్పాలంటే ఒక పూట చాలదు. “దాంతో కాలిస్తే జింక చావదమ్మాయ్, సిగ్గుతో పడిపోతుంది,” అనేవాడు పాప్. లాయిడ్ అయితే చుట్టాలందరి ముందూ అది తన పెళ్ళాం కుట్టుమిషన్ అనేవాడు. పెళ్ళయిన మొదటి ఏడు ఆమె తుపాకీ తుడుచుకుని, వేటగాళ్ళు తొడుక్కునే నారింజ రంగు కోటు కొనుక్కుని, తానూ కొండ మీది వేట గుడిసెకి వస్తానంది. పెళ్ళికి ముందు రెండేళ్ళు వేటలో నాన్న పక్కన చెట్టు మొదట్లో కూర్చుంది. కాల్చే అవకాశం రాలేదు గానీ, ఆ చలీ, ఆ నిశ్శబ్దమూ ఆమెకి ఎంతో ఇష్టం. పాప్ తల అడ్డంగా ఊపాడు. “అక్కడ ఒకటే బాత్రూమ్ ఉందమ్మాయ్.” అంతే. ఆ ఒక్క బాత్రూమ్ ఇరవై నాలుగేళ్ళయినా రెండు కాలేదు. గుడిసెకి కొత్త కప్పు వేశారు, పెద్ద టీవీ పెట్టారు, బీరు చల్లబరచడానికి రెండో ఫ్రిజ్ కొన్నారు.

ఆమె వెళ్ళకపోయినా ఆమె చేసిన తూటాలు మాత్రం ఏటా వెళ్తున్నాయి. మొదట్లో ఆ పని లాయిడే చేసేవాడు. పెళ్ళయిన మూడో ఏడు టీవీలో ఫుట్‌బాల్ చూస్తూ తూటాల్లో తుపాకీ మందు నింపి, ఒకదాంట్లో ఎంత పోశాడో మరిచిపోయాడు. ఆ తూటాకి తుపాకీ బిగుసుకుపోయింది. కన్ను పోకుండా బతికాడు. మర్నాడు “నీకు ఓపికెక్కువ వెర్న్, ఆడవాళ్ళ చేతికి ఇలాంటివి బాగా కుదురుతాయి,” అని సామానంతా ఆమెకి అప్పగించాడు. అప్పటినుంచీ బడి వంటగదిలో రెండొందలమంది పిల్లలకి వడ్డించి ఇంటికొచ్చి, ఇంట్లో వండి, అంట్లు తోమి, ఆ తర్వాత నేలమాళిగలో బల్ల ముందు కూర్చుంటుంది. పేలిన ఇత్తడి గొట్టాలు కడగాలి, సాగినవాటిని అచ్చులో నొక్కి సరిచేయాలి, అడుగున మందుని రాజేసే ప్రైమర్ బిగించాలి, చిన్న త్రాసులో మందు తూచి పోయాలి, పైన గుండు కూర్చాలి. వాళ్ళ బడి లెక్కల మాస్టారు ఒకసారి పళ్ళెం చాపి, “మీ లాయిడ్ చేసే తూటాలకి తిరుగు లేదండీ, నాక్కూడా ఓ పెట్టె చేసిపెట్టమని చెప్పండి,” అన్నాడు. చెబుతానని ఆయన పళ్ళెంలో బీన్స్ వేసింది. ఆ పెట్టె కూడా తనే చేసింది. పెట్టె మీద లాయిడ్ తన పేరు రాసి ఇచ్చాడు.

తుపాకీ ఆయన చేతికి వెళ్తుందని తేలాక, తూటా ఎలా ఉండాలో చెప్పడానికి పాప్ స్వయంగా వచ్చాడు. “అమ్మాయ్, నూటిరవై గ్రెయిన్ల బరువున్న గుండు పెట్టు. నూరంటే ఉడతలకి. తుపాకీ ఎలాగూ ఆడదే, గుండన్నా మగదై ఉండాలి.”

“ఆ గొట్టానికి బరువైన గుండు పడదు పాప్. లోపల గుండుని తిప్పే గాడుల మెలికలు మరీ వదులు. అంత పొడుగు గుండుని అది తిప్పలేదు. దారిలోనే దొర్లిపోతుంది,” అంది వెర్నా.

పాప్ కొడుకు వైపు చూశాడు. లాయిడ్ “చేసి చూడు వెర్న్, పోయేదేముంది,” అన్నాడు.

చేసి చూసింది. శనివారం పొద్దున ఒక్కతే కంకర గుంతకి వెళ్ళి, వంద గజాల దూరంలో అట్ట నిలబెట్టి అయిదు పేల్చింది. రెండు అట్టకే తగల్లేదు. తగిలిన మూడూ గుండ్రంగా లేవు, తాళంకప్ప కంతల్లా పొడుగ్గా చీరాయి. గుండు అడ్డంగా తిరిగి వెళ్ళిందన్నమాట. ఆ అట్ట తెచ్చి చూపిస్తే లాయిడ్ ఒక్క క్షణం చూసి, “పేలేటప్పుడు కళ్ళు మూసుకుని ఉంటావ్,” అన్నాడు.

ఆమె అట్ట పొయ్యిలో పడేసింది. వాళ్ళడిగిందే చేసిచ్చి, మిగతాది వాళ్ళ ఖర్మకి వదిలేయొచ్చు. ఆ ఆలోచన రాకపోలేదు. కానీ అడ్డంగా తిరిగిన గుండు జింకని చంపదు. పొట్టలోనో కాల్లోనో పడితే అది పొదల్లో దూరి రెండు రోజులు చస్తుంది. జింక ఏం చేసింది పాపం? అందుకని మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది. ఎనభై ఏడు గ్రెయిన్లది వేగంగా పోతుంది గానీ, ఎముక తగిలితే ముక్కలైపోతుంది. నూరు గ్రెయిన్లదే సరి. మందు తక్కువ నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెమే పెంచుతూ, ఒక్కో రకానికి మూడేసి చొప్పున పేల్చింది. అన్నిటికంటే వేగంగా పోయినదాన్ని తీసుకోలేదు. మూడు బెజ్జాలూ ఒక్క నాణెం కింద దాగేదాన్ని, పేలాక ఇత్తడి సులువుగా బయటికొచ్చేదాన్ని తీసుకుంది. నాలుగు శనివారాలు పట్టింది. ఆ నాలుగు శనివారాల్లోనూ గుంతలో బోర్లా పడుకుని ఊపిరి బిగబట్టిన ఆ కాసేపు మాత్రం తాను ఉన్నానని ఆమెకి తెలిసేది. కారెక్కి ఇంటి దారి పట్టగానే మళ్ళీ ఏమీ ఉండేది కాదు.

అయిదో వారం పాప్‌ని తీసుకెళ్ళి లాయిడ్ ఆ తూటాలు పేల్పించాడు. థ్యాంక్స్‌గివింగ్ పండగ రోజు భోజనాల బల్ల దగ్గర ఇక ఒకటే మాట.

“నా భుజానికి పేలినట్టే తెలియలేదు! మూడూ ఒక్కచోటే!” పాప్ చెంచా ఊపుతూ అన్నాడు. “ఏం తూటారా అది! ఏం పెట్టావందులో?”

“నూరు గ్రెయిన్లది పాప్. బరువైనదాన్ని ఆ గొట్టం తిప్పలేదు, లోపల మెలికలు వదులు,” అన్నాడు లాయిడ్. ఆమె మాటని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. “నెల రోజులు తంటాలు పడ్డానులే.”

వెర్నా టర్కీ పళ్ళెం పట్టుకుని అతని వెనకే నిలబడి ఉంది. లాయిడ్ ఆమె వైపు చూడలేదు. దాచుకోవాలనీ చూడలేదు, భయపడీ చూడలేదు. అసలు ఆమె వినే మనిషన్న ఊహే అతనికి లేదు. “అమ్మాయ్, గ్రేవీ ఇలా తే,” అన్నాడు పాప్. తెచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం వాళ్ళు గుడిసెకి బయల్దేరారు. సాసేజీలు, రొట్టెలు, రెండు గుమ్మడి పైలు, కాఫీ డబ్బా, తూటాల పెట్టెలు అన్నీ ఆమే సర్దింది. లాయిడ్ ట్రక్కులోంచి తల బయటపెట్టి చెయ్యి చాపాడు. “ట్యాగ్?”

ఇదీ ఏటా జరిగేదే. లైసెన్సు ఉన్నవాళ్ళకి తలా ఒక కొమ్ముల జింక. అంతకుమించి కాలిస్తే నేరం. అందుకని ఆ కొండల్లో చాలా ఇళ్ళల్లో పెళ్ళాలు కూడా లైసెన్సులు తీసుకుంటారు. తుపాకీ ముట్టరు. మగవాళ్ళకి రెండో జింక దొరికితే దాని చెవికి పెళ్ళాం పేరున్న ట్యాగ్ కడతారు. తర్వాత పెళ్ళాం కంప్యూటర్ ముందు కూర్చుని, ఎక్కడ కాల్చిందో, దాని కొమ్ములకి ఎన్ని కొమ్మలున్నాయో ప్రభుత్వానికి తెలియజేస్తుంది. అలా రాష్ట్రం లెక్కల్లో వెర్నా పేరు మీద పందొమ్మిది జింకలున్నాయి. లాయిడ్ పేరు మీద కూడా అన్ని లేవు. ఊళ్ళో ఆ జాబితా ఎవరైనా చూస్తే వెర్నాని చూసి టోపీ తీసి దణ్ణం పెట్టాలి.

సంతకం పెట్టి ఇచ్చింది. ట్రక్కు వెళ్ళిపోయాక వాకిట్లో నిలబడి, చేసినవాటి మీద లేని పేరు చేయనివాటి మీద ఎందుకుందో అని మొదటిసారి అనుకుంది. బాధ లేదు. వేరే ఎవరి ఇంటి సంగతో తలుచుకున్నట్టుంది. లోపలికెళ్ళి టర్కీ ఎముకలు ఉడకబెట్టింది.

శనివారం మూడింటికల్లా తిరిగొచ్చేశారు. ట్రక్కు వెనక మూడు మగజింకలు. లాయిడ్‌ది ఒకటి. పాప్ పొద్దున్నే ఒకటి కొట్టాడట, పావుగంటలో అంతకంటే పెద్దది ఎదురొస్తే ఆగలేక దాన్నీ కొట్టాడట. ఎనిమిది కొమ్మలది. రెండూ నిలబడ్డచోటే కూలాయట. పెద్దదాని చెవికి వెర్నా ట్యాగ్ వేలాడుతోంది. తేదీ, సమయం లాయిడ్ రాశాడు. మూడిటినీ గ్యారేజీ దూలానికి వేలాడదీస్తుండగా ఆకుపచ్చ బండి వచ్చి వాకిట్లో ఆగింది. వేట అధికారి. ఊరి మీద తిరుగుతూ వేలాడుతున్న జింకల్ని చూసుకుంటూ పోతున్నాడు. నలభై ఏళ్ళుంటాయి, చలికి చెవులు ఎర్రబడ్డాయి.

“వెర్న్!” లాయిడ్ వంటింటి కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి పిలిచాడు. “కాస్త బయటికి రా. ఎప్పుడూ చెప్పేదేగా. లేకపోతే పాప్ లైసెన్సు పోతుంది, నాదీ పోతుంది. తెలుసుగా.”

చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అధికారి ట్యాగ్ చదివి టోపీ కొంచెం పైకెత్తాడు. “మంచి జింక కొట్టారు మేడమ్. ఏ తుపాకీ?”

చెప్పింది.

“ఓ, పాత పావంగుళం! ఏ గుండు పెట్టారు?”

“నూరు గ్రెయిన్లది,” అంది వెర్నా. “ఎనభై ఏడుదైతే ఎముక దగ్గర చిట్లుతుంది. నూటిరవైది ఈ గొట్టంలో నిలవదు, అట్ట మీద అడ్డంగా పడింది. మందు ఇంకొంచెం పోయొచ్చు గానీ, పోస్తే ఇత్తడి పట్టేస్తోంది. నాకు వేగం అక్కర్లేదు. వంద గజాల్లో మూడూ ఒకచోట పడితే చాలు.” చాలా రోజుల తర్వాత ఆమె ఒకేసారి అన్ని మాటలు మాట్లాడింది.

అధికారి రాయడం ఆపి శ్రద్ధగా విన్నాడు. అతని మొహంలో అనుమానం ఎక్కడా లేదు. అంత తెలిసిన మనిషి జింకని కొట్టిందంటే ఎవరు మాత్రం నమ్మరు? పాప్ ఊపిరి పీల్చుకుని, “మా కోడలు మామూలిది కాదండీ,” అని నవ్వాడు. గండం గడిచింది. అధికారి పుస్తకం మూయబోతున్నాడు.

“తూటాలు మాత్రం నేను చేసినవే లెండి,” అన్నాడు లాయిడ్. అతనికి ఆగలేదు. “నెల రోజులు కూర్చున్నా. ఈవిడకి కంఠతా వచ్చేలా చెప్పా.”

వెర్నా అతని వైపు తిరిగి చూసింది. ఎర్రటి మొహం, మెడలో ఆమే అల్లిన మఫ్లర్. కోపం కోసం మళ్ళీ ఒకసారి లోపల వెతుక్కుంది. ఇప్పుడూ లేదు. అది లేకుండానే మాట బయటికొచ్చింది.

“కాదు.”

“ఏది కాదు మేడమ్?” అన్నాడు అధికారి.

“రెండూ. తూటా చేసింది నేను. జింకని కొట్టింది మా మామగారు.”

“వెర్న్! ఏం మాట్లాడుతున్నావ్, మతి పోయిందా?” అన్నాడు లాయిడ్. పాప్ బాగున్న చేత్తో దూలం పట్టుకున్నాడు. “అమ్మాయ్... అమ్మాయ్...” అంటున్నాడు.

అధికారి వాళ్ళిద్దరినీ చూసి, ఆమెని చూసి, నెమ్మదిగా అన్నాడు. “మేడమ్, ట్యాగ్ మీద మీ సంతకం ఉంది. అది మీ మీదికీ వస్తుంది.”

“రానివ్వండి. సంతకం నాదే,” అంది వెర్నా. తలుపు తెరిచి పట్టుకుంది. “బయట చలిగా ఉంది. లోపలికొచ్చి కూర్చుని రాసుకోండి. ఇంకా పందొమ్మిది ఉన్నాయి.”