పరగడుపు మందు

దక్షిణాఫ్రికాలోని బ్రెడే నది లోయ ద్రాక్షతోటల్లో పుట్టి, అక్కడే నడుం వంగిపోయిన డ్రీకాకు వైన్ అంటే పాపమూ కాదు, పుణ్యమూ కాదు. అది కూలి. ఆమె చిన్నతనంలో దొర పూటపూటకూ డబ్బాతో కొలిచి పోయించేవాడు. దాన్ని డాప్ అనేవారు. డాప్ తాగేవాడు పనిమంతుడు, బయట కొనుక్కుని తాగేవాడు తాగుబోతు. ఈ న్యాయం ఎవరు కనిపెట్టారో గానీ దొరకు మాత్రం బాగా కలిసొచ్చింది.

చట్టం వచ్చి డాప్ పోయింది. నమ్మకం పోలేదు. కడుపుతో ఉన్న పిల్లకు ఎర్ర వైన్‌లో పచ్చిగుడ్డు గిలక్కొట్టి పరగడుపున తాగిస్తే రక్తం పడుతుందని డ్రీకాకు తల్లి చెప్పింది. డ్రీకా తన కూతురు సార్కీకి అలాగే తాగించింది. రోజ్లిన్ పుట్టింది. డ్రీకా ఓమా అయింది, అంటే అమ్మమ్మ.

రోజ్లిన్‌కు ఎనిమిదేళ్లొచ్చినా ఐదేళ్ల పిల్లలా ఉంటుంది. ముక్కూమొహం తెలియని వాళ్ల చెయ్యయినా పట్టుకుని నవ్వుతూ వెళ్లిపోతుంది. నిన్న నేర్పిన అక్షరం ఇవాళ ఉండదు. బడిలో మళ్లీ ఒకటో తరగతిలోనే ఉంచుతామన్నారు. ఎవరైనా మొద్దు అంటే డ్రీకా వాళ్ల మీద గయ్యిమని లేచేది.

బడికి క్లినిక్ సిస్టర్ వస్తే పిల్లా, తల్లీ, అమ్మమ్మా ముగ్గురూ వెళ్లారు. సిస్టర్ రోజ్లిన్ తల చుట్టూ టేపు పెట్టి కొలిచింది, కళ్లూ పై పెదవీ పరీక్షగా చూసింది.

"ఈ పిల్ల కడుపులో ఉన్నప్పుడు తాగేదానివా అమ్మా?" అని సార్కీని అడిగింది.

సార్కీకి ఒళ్లు మండింది. "అదేం మాట సిస్టర్? శనివారం తోటంతా తాగి తూలుతుంటే నేను చర్చి పాటలు పాడుకునేదాన్ని. ఊళ్లో ఎవర్నైనా అడగండి!"

"నేను సాక్ష్యం," అంది డ్రీకా. "పొద్దున్నే నా చేత్తో ఇచ్చిన మందు తప్ప ఇంకేం ముట్టలేదు."

"ఏం మందు?"

డ్రీకా గర్వంగా చెప్పింది, గుడ్డుతో సహా.

సిస్టర్ టేపు చుట్టి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అంది: "తల్లి తాగింది బిడ్డకూ వెళ్తుంది ఓమా. అప్పుడు లోపల మెదడు తయారవుతూ ఉంటుంది. అక్కడ జరిగిన చెరుపు మళ్లీ బాగవదు. మీరు మందనుకున్నారని వైన్‌కు తెలీదు." ఆమె చూపు సార్కీ ఎత్తు పొట్ట మీద పడింది. "ఇప్పుడు?"

సార్కీ తల్లి మొహంలోకి చూసింది. "పొద్దున కూడా ఇచ్చావు గదమ్మా," అంది.

"ఇవాళ్టితో ఆపెయ్యండి. ఎప్పుడు ఆపినా మేలే," అంది సిస్టర్.

దారి పొడుగునా సార్కీ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదని డ్రీకా ఏడ్చింది. పగవాళ్లు కూడా తలపెట్టని పని, ప్రేమతో, గుడ్డు కొట్టి మరీ చేసింది. ఆ రాత్రి తెల్లవార్లూ మేలుకునే ఉంది.

మర్నాడు ఆలస్యంగా లేచింది. రోజ్లిన్ రెండు చేతులా కప్పు పట్టుకుని, ఒలక్కుండా, తల్లి మంచం దగ్గరికి నడుస్తోంది. వైన్ నింపి అమ్మే ప్లాస్టిక్ సంచికున్న కుళాయి తనే తిప్పుకుంది. గుడ్డు తనే కొట్టింది.

"నువ్వు మర్చిపోయావు ఓమా," అంది, మొహమంతా నవ్వుతో. "నేను మర్చిపోలేదు చూడు!"

డ్రీకా కప్పు లాక్కుని వాకిట్లో పారబోసింది. పిల్ల ఖాళీ కప్పు వైపు చూసింది.

"తప్పు చేశానా ఓమా?"

"నువ్వు కాదు తల్లీ," అని డ్రీకా కూలబడి దాన్ని గుండెకు అదుముకుంది. "నువ్వు కాదు."